జన్యులిపిని చదువు మాంసకృత్తులు – రొమ్ము క్యాన్సరు

విద్యార్థినీ విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును కలిపి ఈ పాఠమును వ్రాయుచున్నాము. కణము, కేంద్రకము, క్రోమోజోములు అను మాటలను మీరు జీవశాస్త్రములో చదివియున్నారు. ఆ మాటలు పరీక్షకు మాత్రమే పనికివచ్చునని మీలో పలువురు తలచుచుందురు. అవి మన యింటిలోని అమ్మ ఆరోగ్యమునకు సంబంధించిన మాటలు కూడ నని చూపుటయే మా ఉద్దేశము.

తరతరములుగా తమిళనాట స్థిరపడిన మన కుటుంబములలో ఒక అలవాటు కలదు. రొమ్మునందు గడ్డ కనిపించినను స్త్రీలు దానిని ఎవరికిని చెప్పరు. సిగ్గు ఒక కారణము, భయము రెండవది. బజారులో తమిళము ధారాళముగా మాటలాడు తల్లికి కూడ ఇట్టి మాట చెప్పవలసివచ్చినప్పుడు తల్లినుడియే నోటికి వచ్చును. ఆసుపత్రిలో ఆ నుడి తెలిసినవారు ఉండరేమో యను సంకోచము మూడవది. నొప్పి లేదు గదా యని నెలలు గడచిపోవును. ఆ నెలలలో కణము లోపల ఏమి జరుగుచుండునో తెలిసికొన్నచో, ఆలస్యము ఎంత ప్రమాదమో, వైద్యమునకు ఎంత అవకాశమున్నదో రెండును బోధపడును.

2022వ సంవత్సరమున ప్రపంచమునందు సుమారు 23 లక్షల మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సరు ఉన్నట్లు తేలినది. ఆ యేడు సుమారు 6 లక్షల 70 వేల మంది ఈ వ్యాధిచే మరణించిరి. మన దేశమున స్త్రీలకు వచ్చు క్యాన్సరులన్నిటిలో ఇదియే ఎక్కువగా కనిపించుచున్నది.

1. పంచాంగము ఒకటే, చూచు పుటలు వేరు

మన శరీరములోని దాదాపు ప్రతి కణమునందును ఒక కేంద్రకము గలదు. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో నూరవ వంతుకు అటునిటుగా ఉండును. అంత చిన్న గదిలో డి.ఎన్.ఏ. అను దారము సుమారు రెండు మీటర్ల పొడవున ఇమిడియున్నది. ఇది రెండు పేటల మెలికత్రాడు. దాని ఆకారమును 1953లో వాట్సన్, క్రిక్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. రోజలిండ్ ఫ్రాంక్లిన్, విల్కిన్స్ మొదలగువారు తీసిన ఎక్స్‌కిరణ చిత్రములు వారికి ఆధారములైనవి.

ఈ దారముపై నాలుగే అక్షరములు గలవు: ఏ, టి, జి, సి. ఒక పేటలో ఏ ఉన్నచోట ఎదుటి పేటలో టి ఉండును. జి ఉన్నచోట సి ఉండును. తల్లినుండి వచ్చిన ప్రతియందు సుమారు 300 కోట్ల అక్షరములును, తండ్రినుండి వచ్చిన ప్రతియందు అన్నియే అక్షరములును గలవు. ఆ వ్రాతలో మాంసకృత్తులను, అనగా ప్రోటీనులను, తయారుచేయు విధమును తెలుపు భాగములే జన్యువులు. అవి సుమారు 20 వేలు.

ఇక్కడ ఒక సందేహము కలుగవలెను. కంటిలోని కణమునందును, కాలేయములోని కణమునందును, రొమ్ములోని కణమునందును ఉన్న వ్రాత ఒకటే. అట్లయిన ఒకటి చూపునకును, ఒకటి పిత్తరసమునకును, ఒకటి పాలకును ఎట్లు తోడ్పడుచున్నవి?

ఉగాదినాడు ఊరిలోని ఇంటింటికి వచ్చు పంచాంగమును తలచుకొనుడు. అన్ని ఇండ్లలోను అదే పంచాంగము. కాని రైతు కార్తెల పుటను విప్పును. పెండ్లి తలపెట్టినవాడు ముహూర్తముల పుటను విప్పును. గ్రంథము మారలేదు, చదువు పుట మారినది. అట్లే ప్రతి కణమును తనకు కావలసిన జన్యువులను మాత్రమే చదువును. చదువబడిన జన్యువునకు ఆర్.ఎన్.ఏ. అను నకలు తయారగును. ఆ నకలు కేంద్రకము వెలుపలికి వచ్చును. దానిని అనుసరించి మాంసకృత్తు తయారగును. జన్యువు ఈ విధముగా పనిలోనికి వచ్చుటకు జన్యు వ్యక్తీకరణమని పేరు.

2. పుటను విప్పువారెవరు?

కణమునకు కన్నులు లేవు. ఏ పుటను విప్పవలెనో, దేనిని మూయవలెనో నిర్ణయించునవి కొన్ని మాంసకృత్తులు. ఇవి డి.ఎన్.ఏ.ను అంటుకొని పనిచేయును. వీనిలో రెండు తెగలను గుర్తించిన చాలును.

మొదటి తెగ హిస్టోనులు. దారపు కండెకు దారము చుట్టినట్లు డి.ఎన్.ఏ. వీనికి చుట్టుకొని యుండును. చుట్టు బిగిసియున్న చోట వ్రాత చదువుటకు అందదు. సడలిన చోట అందును.

రెండవ తెగ, నిర్ణీతమైన అక్షరముల వరుసను గుర్తించి అచ్చటనే కూర్చుండునవి. ఇట్లు కూర్చుండు పదార్థము ఒకటి ఉండవలెనని 1961లో ఫ్రాన్సు దేశమున జాకబ్, మోనో అను శాస్త్రజ్ఞులు ఊహించిరి. మన ప్రేవులలో నివసించు ఒక సూక్ష్మజీవి, పాలలోని చక్కెర దొరకనప్పుడు ఆ చక్కెరను జీర్ణించుకొను జన్యువులను మూసియుంచును. మూతగా ఒక మాంసకృత్తు డి.ఎన్.ఏ.పై కూర్చుండును. చక్కెర వచ్చి దానికి తగులుకొనగానే అది లేచిపోవును. జన్యువులు పనిచేయ నారంభించును. ఈ పరిశోధనకు 1965లో వారికిని, వారి సహచరుడగు ల్వోఫ్‌కును నోబెల్ బహుమానము లభించినది.

ఈ చిన్న ఉదాహరణమును బాగుగా మనస్సున నిలుపుకొనుడు. వెలుపలినుండి ఒక పదార్థము వచ్చును. అది ఒక మాంసకృత్తునకు తగులుకొనును. దానివలన జన్యువు చదువబడుట గాని మానుట గాని జరుగును. రొమ్ము క్యాన్సరు కథలో పాలచక్కెర స్థానమున ఈస్ట్రోజెను అను హార్మోను వచ్చును.

3. ఈస్ట్రోజెను గ్రాహకము

ఈ కథ డి.ఎన్.ఏ. రూపము తెలియుటకు ఎంతో ముందే మొదలైనది. 1896లో స్కాట్లండులోని గ్లాస్గో నగరపు శస్త్రవైద్యుడు జార్జి బీట్సన్ ఒక వింతను ప్రకటించెను. ముదిరిన రొమ్ము క్యాన్సరుగల స్త్రీకి అండాశయములను తొలగింపగా రొమ్ములోని కణితి కుంచించుకొనిపోయెను. పొత్తికడుపులోని అవయవమునకును రొమ్ములోని గడ్డకును ఏమి సంబంధమో అప్పుడెవరికిని తెలియదు. పైగా ఈ చికిత్స అందరికిని ఫలింపలేదు. సుమారు ముగ్గురిలో ఒకరికే మేలు చేసెను. ఆ యొకరెవరో ముందుగా చెప్పుటకు ఉపాయము లేకపోయెను.

అండాశయములనుండి వచ్చు ఈస్ట్రోజెనే ఆ సంబంధమని తరువాత తెలిసినది. 1950 దాటిన దశకపు చివర చికాగోలో ఎల్వుడ్ జెన్సన్ అను శాస్త్రజ్ఞుడు ఈస్ట్రోజెనుకు రేడియోధార్మికత గల గురుతు పెట్టి, అది శరీరమున ఎక్కడకు పోవునో చూచెను. రక్తముతో అన్ని చోట్లకును పోయినను గర్భాశయము వంటి కొన్ని అవయవములే దానిని పట్టి నిలుపుకొనెను. పట్టునది ఒక మాంసకృత్తు. అదియే ఈస్ట్రోజెను గ్రాహకము. రొమ్ము కణితులలో కొన్నిటియందు ఇది ఉండును, కొన్నిటియందు ఉండదు. బీట్సన్ చికిత్స కొందరికే ఎందులకు ఫలించెనో దీనితో తేటపడినది.

ఈ గ్రాహకమునందు 595 అమైనో ఆమ్లములు వరుసగా కూర్చబడియున్నవి. దాని నడుమ ఒక భాగము డి.ఎన్.ఏ.ను పట్టుకొనును. ఆ భాగమున రెండు యశదపు, అనగా జింకు, పరమాణువులు గలవు. ఒక్కొక్క పరమాణువును నాలుగేసి సిస్టీనులు పట్టి యుంచుటచే ఆ చోట మాంసకృత్తు మడతలు పడి గట్టిపడును. ఆ మడతలోని ఒక చుట్ట డి.ఎన్.ఏ. గాడిలో దూరి అక్షరములను తడవి చూచును. గ్రుడ్డివాడు పొడుపు అక్షరములను వ్రేలితో తడవి చదువుటను మీరు వినియుందురు. ఇదియు ఇంచుమించు అట్టిదే.

ఈస్ట్రోజెను తగులుకొనగానే గ్రాహకము ఆకారము మార్చుకొని, తనవంటి మరియొక గ్రాహకముతో జతకూడును. ఆ జంట వెదకు అక్షరముల వరుస చాల చక్కనిది. తెనాలి రామకృష్ణుని వికటకవి యను మాటను మీరెరుగుదురు. ఎటునుండి చదివినను అది వికటకవియే. గ్రాహకము వెదకు వరుసయు అట్టిదే. మీరే కాగితము తీసికొని చూడుడు.

ముందు ఈ వరుసను వ్రాయుడు: ఏ జి జి టి సి ఏ. తరువాత ఏవైనను మూడు అక్షరముల చోటు విడువుడు. ఆ పిమ్మట వ్రాయుడు: టి జి ఏ సి సి టి. ఇది ఒక పేట. ఇప్పుడు ప్రతి అక్షరము క్రిందను దాని జత అక్షరమును వ్రాయుడు. క్రింది పేట ఇట్లు వచ్చును: టి సి సి ఏ జి టి, మూడు అక్షరముల చోటు, ఏ సి టి జి జి ఏ. రెండు పేటలును ఎదురెదురు దిక్కుల చదువవలసినవి గనుక క్రింది పేటను కుడినుండి ఎడమకు చదువుడు. పై పేటలోని వరుసయే మరల వచ్చును! జంటలో ఒక గ్రాహకము ఒక సగముపైనను, రెండవది రెండవ సగముపైనను కూర్చుండుటకు ఇది సరిపోవును.

కాని వరుస ఉన్నంత మాత్రమున చాలదు. ఆ చోట హిస్టోనుల చుట్టు సడలియుండవలెను. ఫాక్స్‌ఏ1 అను మరియొక మాంసకృత్తు ముందుగా వచ్చి దారి తీయును. అప్పుడు గ్రాహకము అచ్చట కూర్చుండి, సహాయక మాంసకృత్తులను పిలుచును. జన్యువునకు నకలు తీయు పని సాగును.

4. చదువుట తప్పినప్పుడు

ఈస్ట్రోజెను మనకు శత్రువు కాదు. బాలిక ఎదిగి స్త్రీ యగుటకును, ఎముకలు గట్టిగా నుండుటకును అది అవసరము. ఆరోగ్యముగల రొమ్మునందు గ్రాహకముగల కణములు సాధారణముగా తాము విభజన చెందవు. పొరుగు కణములకు సందేశము మాత్రము పంపును. క్యాన్సరునందు ఆ కట్టుబాటు తప్పును. గ్రాహకముగల కణమే తాను రెండగును, ఆ రెండు నాలుగగును. సైక్లిన్ డి1 వంటి, విభజనను ముందుకు నెట్టు మాంసకృత్తుల జన్యువులు మాటిమాటికి చదువబడుచుండును. రొమ్ము క్యాన్సరులలో నూటికి 70కి పైగా ఈ గ్రాహకము గలవియే.

విభజనను ఆపు కావలివాడు కూడ కణమునందు గలడు. అతని పేరు పి53. 1979లో కనుగొనబడిన ఈ మాంసకృత్తు నలుగురు కూడిన జట్టుగా డి.ఎన్.ఏ.పై కూర్చుండును. డి.ఎన్.ఏ. చెడినప్పుడు విభజనను ఆపు జన్యువులను, మరమ్మతు చేయు జన్యువులను ఇది పనిలో పెట్టును. మరమ్మతు సాధ్యము కానిచో ఆ కణమే నశించునట్లు చేయును. రొమ్ము క్యాన్సరులలో సుమారు మూడింట ఒకవంతునందు పి53 జన్యువు చెడియుండును. ఆ చెడుపులలో చాల భాగము అది డి.ఎన్.ఏ.ను పట్టుకొను చోటనే కనబడును. కావలివాడు ఉన్నాడు గాని చేయి చచ్చుబడినది.

మూడవ కథ మరమ్మతు పనివారిది. కొన్ని కుటుంబములలో తల్లికి, పిన్నమ్మకు, అక్కకు చిన్న వయస్సుననే ఈ వ్యాధి వచ్చుట కలదు. అమెరికాలో మేరీ క్లేర్ కింగ్ అను శాస్త్రజ్ఞురాలు పెక్కేండ్లు ఇట్టి కుటుంబములను పరిశీలించి, దీనికి కారణమైన జన్యువు 17వ క్రోమోజోముపై ఉన్నదని 1990లో నిరూపించెను. 1994లో ఆ జన్యువు చేజిక్కినది. దాని పేరు బి.ఆర్.సి.ఏ.1. మరుసటి యేడు 13వ క్రోమోజోముపైనున్న బి.ఆర్.సి.ఏ.2 దొరికినది. తెగిపోయిన డి.ఎన్.ఏ.ను తప్పులేకుండ అతికించుటకు ఈ రెండు జన్యువుల మాంసకృత్తులు తోడ్పడును. అవి లోపించినచో తప్పులు పేరుకొనిపోవును.

ఇచ్చట తల్లిదండ్రులు గమనింపవలసిన విషయములు రెండు గలవు. మొదటిది: వంశపారంపర్యముగా వచ్చు రొమ్ము క్యాన్సరు నూటికి 5 నుండి 10 మాత్రమే. తక్కినవి జీవితకాలమున కణములలో కలిగిన మార్పులవలన వచ్చినవి. రెండవది: చెడిన బి.ఆర్.సి.ఏ. జన్యువు తండ్రినుండియు రావచ్చును, తల్లినుండియు రావచ్చును. బిడ్డకు వచ్చుటకు సగము అవకాశము, రాకుండుటకు సగము అవకాశము. కోడలికి వ్యాధి రాగా ఆమె పుట్టింటివారిని నిందించుట, ఆమె కూతురికి సంబంధములు తప్పించుట న్యాయమును కాదు, శాస్త్రమును కాదు. ఇది అంటువ్యాధియు కాదు. ఆమె త్రాగిన గ్లాసును వేరుగా పెట్టనక్కరలేదు.

5. చదువుటను ఆపు మందు

వ్యాధి యొక్క లోపలి పని తెలిసినచో మందునకు దారి దొరకును. 1960 దాటిన తొలి యేండ్లలో ఇంగ్లండులో గర్భనిరోధమునకై తయారుచేసిన ఒక పదార్థము ఆ పనికి పనికిరాలేదు. కాని అది ఈస్ట్రోజెను గ్రాహకమునకు తగులుకొనుచున్నదని గమనించి, రొమ్ము క్యాన్సరునందు వాడి చూచిరి. అదియే టామాక్సిఫెను, 1973లో బ్రిటనులో వాడుకకు వచ్చినది.

అది పనిచేయు విధమును చూడుడు. టామాక్సిఫెను ఈస్ట్రోజెను కూర్చుండవలసిన చోట తాను కూర్చుండును. గ్రాహకము జతకూడును, డి.ఎన్.ఏ.పైకియు పోవును. కాని దాని ఆకారమున ఒక కొస ప్రక్కకు తిరిగిపోవుటచే సహాయక మాంసకృత్తులకు చోటు దొరకదు. బండిపై మనిషి ఎక్కి కూర్చున్నాడు, పగ్గములు పట్టలేడు, బండి కదలదు. గ్రాహకముగల కణితి తొలిదశలో నున్నవారు దీనిని ఐదేండ్లు సేవించినచో, ఆ పిమ్మటి కాలముతో కూడ కలిపి 15 ఏండ్లలో ఈ వ్యాధిచే మరణించువారి సంఖ్య సుమారు మూడవ వంతు తగ్గినది. ముట్లుడిగిన స్త్రీలకు, ఈస్ట్రోజెను తయారగుటనే ఆపు మందులు కూడ ఇప్పుడు గలవు.

ఐదేండ్లు ప్రతిదినము ఒక మాత్ర యనిన చిన్న మాట కాదు. ఒడలు బాగుగ నున్నది గదా యని నడుమ మానువారు గలరు. మాత్ర మానిన దినమున గ్రాహకము మానదు. మందువలన ఇబ్బందులు కలిగినచో వైద్యునికి చెప్పవలెను, తమంతట మానరాదు. కొందరిలో కాలక్రమమున గ్రాహకపు జన్యువే మార్పు చెంది, ఈస్ట్రోజెను లేకున్నను పనిచేయ మొదలిడును. అందుచేతనే వైద్యుడు మరల మరల రమ్మనును.

6. ఆ కాగితమును చదువుట

కణితినుండి చిన్న ముక్కను తీసి పరీక్షించినప్పుడు ఆసుపత్రివారు ఒక కాగితము నిత్తురు. అది ఆంగ్లమున ఉండును. దానిని ఇంటిలో చదువగలవారు తరచుగా హైస్కూలు పిల్లలే. అందులో మూడు మాటలు ముఖ్యముగా కనబడును.

ఈ.ఆర్. అనగా ఈస్ట్రోజెను గ్రాహకము. పి.ఆర్. అనగా ప్రొజెస్టెరోను గ్రాహకము. ఈ రెండవదాని జన్యువును పనిలో పెట్టునది మొదటి గ్రాహకమే. కాబట్టి పి.ఆర్. కూడ ఉన్నదనిన, ఈ.ఆర్. అచ్చట చురుకుగా పనిచేయుచున్నదని సూచన. మూడవది హెర్2. ఇది కణపు పైపొరపై నుండు మాంసకృత్తు. కొన్ని కణితులలో దాని జన్యువునకు ప్రతులు పెరిగిపోయి అది మితిమీరి తయారగును. దానికి ట్రాస్టుజుమాబు అను మందు 1998లో అమెరికాలో అనుమతి పొందినది.

ఇంకొక మాట. ఆ కాగితముపై పాజిటివ్ అను మాట చూచి ఇంటిల్లిపాదియు ఏడ్వవలదు. ఈ.ఆర్. పాజిటివ్ అనగా గ్రాహకము ఉన్నది, దానిని ఆపు మందు పనిచేయు అవకాశము ఉన్నది యని అర్థము. మూడును లేని కణితులకు కూడ వేరు చికిత్సలు గలవు. చికిత్స యేదియో నిర్ణయించువాడు వైద్యుడు. ఆయన మాటను అమ్మకు అమ్మ భాషలో చెప్పు భాగ్యము మీది.

7. ముగింపు

రొమ్మునందు గాని చంకలో గాని గడ్డ, చర్మము లోపలికి గుంటపడుట, చనుమొన లోపలికి పోవుట, దానినుండి నెత్తురు వచ్చుట – వీనిలో ఏది కనిపించినను వెంటనే వైద్యునికి చూపవలెను. గడ్డలలో చాల భాగము క్యాన్సరు కావు. కాని ఏది యగునో ఏది కాదో చేతితో తడవి ఇంటిలో తేల్చుకొనుటకు వీలులేదు. నొప్పి లేకపోవుట ధైర్యమునకు కారణము కాదు. అమెరికా లెక్కలను బట్టి, రొమ్ము దాటకముందే కనుగొన్నచో ఐదేండ్ల పిమ్మటను దాదాపు అందరును ఈ వ్యాధిని తప్పించుకొనుచున్నారు. దూరపు అవయవములకు ప్రాకిన పిమ్మట కనుగొన్నచో నూటికి 30 మందికి కొంచెము పైగా మాత్రమే.

ఈ విద్య మనకు దూరము కాదు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి 1954లో మద్రాసు అడయారునందు క్యాన్సరు ఆసుపత్రిని నెలకొల్పిరి. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వము వహించుచుండగా, కణము క్రొత్త డి.ఎన్.ఏ. తయారుచేసికొనుటకు అడ్డుపడు మెథోట్రెక్సేటు అచ్చట రూపొందినది. తరువాత రొమ్ము క్యాన్సరు చికిత్సయందును అది చేరినది. ఇరువురును చదివినది మద్రాసు వైద్యకళాశాలయందే.

కణమునందు వ్రాసియున్న వ్రాత మన చేతిలో లేదు. దానిని చదువు మాంసకృత్తులను గుర్తించుటకును, ఆపుటకును మార్గములు దొరికినవి. అయితే అమ్మ నోరు విప్పనిదే వైద్యుడు చేయగలిగినది లేదు. నేటి సాయంకాలము ఈ పాఠమును మీ అమ్మకు, అత్తకు, అమ్మమ్మకు బిగ్గరగా చదివి వినిపింపుడు. మా కోరిక యంతియే.

ప్రశ్నలు

1. అన్ని కణములలోను జన్యువులు ఒకటే అయినను వాని పనులు వేరుగా నుండుటకు కారణమేమి?
2. ఏ జి జి టి సి ఏ అను వరుసకు ఎదుటి పేటను వ్రాసి, కుడినుండి ఎడమకు చదువుము. ఏమి గమనించితివి?
3. ఈస్ట్రోజెనును, టామాక్సిఫెనును ఒకే గ్రాహకమునకు తగులుకొనును. ఫలితము వేరగుట ఎట్లు?
4. పి53 డి.ఎన్.ఏ.ను పట్టుకొనలేనిచో కణమునకు కలుగు నష్టమేమి?
5. "ఈ వ్యాధి తల్లివైపునుండి మాత్రమే వచ్చును" అని ఒకరనిరి. వారికి నీవు ఏమి చెప్పుదువు?